మౌస్ తీగలు పీకిన రోజు

నాకు చూపు లేదు. కాబట్టి ఈ కథలో నేను చూసింది ఏదీ ఉండదు. విన్నది మాత్రం ఉంది, అది చాలు.

కరెంటు, నీళ్ళ ఫిర్యాదులు తీసుకునే ఫోన్ల హాల్లో మా పని. తెర మీద ఉన్నదాన్ని మా మిషన్లు ఇయర్‌ఫోన్లో చదివి వినిపిస్తాయి, మేం విని టైపు చేస్తాం. ఆ రోజు సూపర్‌వైజర్ మా అక్కని కొత్త మిషన్ ముందు కూర్చోబెట్టాడు. అక్క అంటే నా తోడబుట్టింది కాదు, అక్కడ చూపు లేనివాళ్ళందరికీ పెద్దది. కావాలనే కాల్‌ని స్పీకర్లో పెట్టాడు. మిషన్ నోరు విప్పలేదు. అవతల ఓ ముసలాయన "హలో, ఉన్నారా అమ్మా?" అని అరుస్తున్నాడు. అక్క వేళ్ళు మీటల మీద టకటకా కొట్టుకుంటున్నాయి.

"చూశారుగా," అన్నాడు సూపర్‌వైజర్. "మిషన్‌కి ఏ రోగమూ లేదు. చేతకానిది ఈవిడకి. ఇందులో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఆదివారం విడుదలవుతుంది, సోమవారం నుంచి అందరికీ ఇదే. చేయలేనివాళ్ళు ఇంట్లో కూర్చోవచ్చు."

చూపున్నవాళ్ళలో కొందరు కిసుక్కున నవ్వారు. నవ్వనివాళ్ళు నోరు మూసుకున్నారు. నాకు వీళ్ళ మీదే ఎక్కువ మండింది.

సాయంత్రం మెట్ల కింద చేరాం.

"వెళ్ళి కాళ్ళు పట్టుకుందాం. ఇంట్లో నా ఒక్కడి సంపాదనే," అన్నాడొకడు.

"ఎన్నిసార్లు పట్టుకుంటావురా? వాడి కాళ్ళు అరిగిపోతాయి," అన్నాడు సుత్తి. మొదలుపెడితే ఆపడు కాబట్టి వాడికా పేరు. "ఆ సాఫ్ట్‌వేర్ వాడి అబ్బ సొత్తు కాదు, ఎవడి సొత్తూ కాదు. దేశదేశాల జనం ఊరికే రాసి ఊరికే ఇస్తున్నారు. విడుదలకి ముందు అందర్నీ పిలిచి, వాడి చూడండి, తప్పులు పట్టండి అంటారు. శనివారం కాలేజీలో అదే సభ. ఎవరైనా పోవచ్చు. ఒకే తప్పు చాలామందికి కనపడిందా, విడుదల ఆపాల్సిందే."

"ఈ తప్పు గురించి నేను వాళ్ళకి ఆల్రెడీ రాసి పంపానుగా," అన్నాను. "'మా దగ్గర బాగానే మాట్లాడుతోంది' అని నా ఫిర్యాదుని మూసి పారేశారు."

"మూసిందెవడు? అక్కడ ఫిర్యాదులు చూసే మన కంపెనీ ఇంజినీరే! సభకి డబ్బు పెట్టేది కూడా కంపెనీయే. అక్కడ అందరిచేతా బాగుందనిపించేస్తే సోమవారం తప్పంతా మనదే అవుతుంది."

"అడుక్కోవడానికైతే నన్ను పిలవకండి. తప్పు పట్టడానికైతే పదండి," అంది అక్క.

శనివారం కాలేజీ హాలంతా మీటల చప్పుడు. విద్యార్థులు వరసలుగా కూర్చుని కొత్త వెర్షన్‌ని వాడి చూస్తున్నారు. ఇంజినీరు గొంతులో చక్కెర కారుతోంది. "మీలాంటివాళ్ళు రావడం మాకెంతో స్ఫూర్తి," అన్నాడు. చెంప పగలగొట్టాలనిపించింది.

మా మిషన్లన్నీ మూగవే. తప్పు ఉందని చెప్పాం. అతను వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. గొంతు వచ్చింది! అక్క మిషన్ దగ్గరికెళ్ళాడు. అక్కడా వచ్చింది. "వస్తోందిగా? ఊరికే అందరి టైమూ పాడుచేయకండి," అంటూ మా ఫిర్యాదులన్నీ మూసేశాడు.

నా పక్కనున్న విద్యార్థిని గుసగుసగా అంది, "అన్నా, ఆయన కూర్చోగానే మౌస్‌తో తెర మీద మూలనున్న బొమ్మని నొక్కుతున్నారు. అప్పుడే గొంతు వస్తోంది."

"ఆ మాట గట్టిగా చెప్పమ్మా."

"లెక్చరర్ గారు ఆయన పక్కనే ఉన్నారన్నా."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. లేచి నిలబడి హాలంతటికీ వినపడేలా చెప్పింది.

"అయితే ఏంటి? ఒక్క క్లిక్కేగా," అన్నాడు ఇంజినీరు. "పక్కవాళ్ళని నొక్కమనండి. ఇంత చిన్న విషయానికి విడుదల ఆగదు."

"రోజూ పొద్దున్నే నువ్వొచ్చి నొక్కుతావా?" అని అరిచాడు సుత్తి.

అక్క లేచింది. తన మౌస్ తీగ పట్టుకుని లాగేసింది. నాది నేను పీకాను. తడుముకుంటూ వరస వెంట వెళ్ళాం, చేతికి దొరికిన ప్రతి తీగా పీకాం. కొందరు తిట్టారు. కొందరు తమది తామే పీకి మా చేతిలో పెట్టారు.

"తెరలు కూడా ఆపండి," అంది అక్క. "ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టి వాడి చూడండి."

మీటలు కొంచెంసేపు టకటకలాడి ఆగిపోయాయి.

"నాకు రావట్లేదు," అంది మొదట ఆ విద్యార్థిని.

"నాకూ రావట్లేదు."

"నాకూ."

వరస వరసంతా అదే మాట. ఇంజినీరు చక్కెరంతా కక్కేశాడు. "మా డబ్బుతో పెట్టిన సభ ఇది! గెంటండి వీళ్ళని!" గార్డులు సుత్తిని కాలరు పట్టి ఈడ్చారు. కొందరు విద్యార్థులు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు, మిగతావాళ్ళు తెరలు మళ్ళీ వెలిగించి ఎవరి ఫిర్యాదు వాళ్ళు రాసి పంపారు. ఎక్కడెక్కడి జనమో మౌస్ లేకుండా ప్రయత్నించి మాకూ అంతేనని జవాబు రాశారు. చీకటి పడేలోపు విడుదల ఆగిపోయింది.

సోమవారం పనికి వెళితే కంపెనీ గేటు దగ్గర గార్డు మమ్మల్ని ఆపాడు. సభలో ఆస్తి ధ్వంసం చేశామట, మా చూపులేనివాళ్ళెవరికీ ఇక లోపలికి ప్రవేశం లేదట. పీకిన తీగలు మళ్ళీ గుచ్చితే సరిపోతాయి, మా బతుకులకి ఆ వీలు లేదు. అక్కడే గేటు ముందు కూర్చున్నాం.

షిఫ్టు వేళకి చూపున్నవాళ్ళు వచ్చారు. ఆ రోజు కిసుక్కున నవ్విన గొంతుల్లో ఒకటి నా పక్కకొచ్చి, "కొంచెం జరుగు," అంది. కూర్చుంది.

"నువ్వెందుకమ్మా ఇక్కడ?" అడిగింది అక్క.

"కొత్త మిషన్ వచ్చినప్పుడల్లా ఆ సూపర్‌వైజర్‌కి ఎవరో ఒకరు చేతకానివాళ్ళు కావాలక్కా. ఈసారి మీరు. వచ్చేసారి నేనేగా."

చుట్టూ ఇంకొందరు కూర్చున్నారు. మిగతావాళ్ళు నిలబడే ఉన్నారు, ఏం చేస్తారో నాకు తెలియలేదు.

గేటు తెరుచుకుంది. సూపర్‌వైజర్ గొంతు చించుకున్నాడు. "కాల్స్ పేరుకుపోతున్నాయి! కళ్ళున్నవాళ్ళంతా లోపలికి రండి!"

చెవులు రిక్కించి విన్నాను. ఒక్క అడుగు చప్పుడు కూడా వినపడలేదు.