కొయ్యకూడని ముడి

కాళీఘాట్ గుడిలో వాడేసిన పూలు చివరికి ఛబి దీదీ షెడ్డుకు చేరతాయి. అక్కడ బంతిపూలు ఉడకబెట్టి, ఆ నీళ్లలో చీరలకు పసుపు రంగు వేస్తారు. అత్తగారి కర్మకాండ ముగిసి పుతుల్ మళ్లీ పనిలోకి వచ్చిన రోజు, వానలకు ముందు ఎండబెట్టి దాచిన మాలల బస్తా ఒకటి ఆమె ముందు కుమ్మరించింది ఛబి దీదీ.

"దారాలు తీసెయ్. ఒక్క పోగు గుండిగలో పడినా చీరంతా మచ్చలే."

"సరే దీదీ."

పక్కనే రేకలు తుంచుతున్న శంకరి ఊరుకోలేదు. "ఏమే, శవం లేస్తున్నా నీ కంట్లో చుక్క రాలేదంటగా? మీ సందంతా అదే మాట."

"రాలేదు."

"ఇన్నేళ్లు తిట్లు తిన్నావు. లోపల పండగ చేసుకుంటున్నావులే!"

పుతుల్‌కు కోపం కూడా రాలేదు. పండగా లేదు, ఏడుపూ లేదు. పన్ను పీకే ముందు సూదేస్తే దవడ ఎలా ఉంటుందో, మనిషంతా అలా ఉంది. ఇది అసలు వదులుతుందా, ఇక ఇంతేనా అని మాత్రం లోపల ఎక్కడో చిన్న భయం.

కత్తెరతో కొయ్యడం, దారం లాగడం, రేకలు జల్లెడలో వెయ్యడం. చేతులు వాటంతటవే పోతున్నాయి. ఒక మాల దగ్గర మాత్రం కత్తెర ఆగింది.

ముడిలో ఎర్ర పోగు. పాత చీర అంచులోంచి లాగిన పోగు. రెండు మెలికలు, మీద ఒక ముడి. గుడి వీధిలో మాలలు అమ్మిన అత్త క్షాంతమణి తప్ప అలా ఇంకెవరూ కట్టరు. ఆవిడ కొత్త దారం కొన్న పాపాన పోలేదు. షెడ్డులో వచ్చిన దారాలే కోడలి చేత ఇంటికి తెప్పించుకునేది. కోడల్ని 'బౌమా' అని పిలుస్తూ రోజూ చేసే ఆ హెచ్చరిక ఇంకా పుతుల్ చెవిలోనే ఉంది.

"కత్తెర పెట్టావో, చేతులు విరగ్గొడతా బౌమా! విప్పి పట్రా. దారం చెట్టుకు కాస్తోందా?"

పుతుల్ కత్తెర పక్కన పెట్టి గోటితో ముడి విప్పసాగింది. ఎండి రాయిలా బిగుసుకుపోయింది.

"ఏంటే, ఆ ఒక్క మాలతోనే కాపురం పెట్టావు? కోసి పారెయ్," అంది ఛబి దీదీ.

"కొయ్యకూడదు దీదీ. తిడుతుంది."

శంకరి చేతులు ఆగిపోయాయి. ఛబి దీదీ గుండిగ కింద మంట ఎగదోయడానికి వెళ్లిపోయింది.

ముడి విడేసరికి పుతుల్ గోరు చీలింది. అది కూడా తెలియలేదు. దారాన్ని వేళ్లకు చుట్టి నడుముకు దోపుకుంది.

సాయంత్రం ఇంట్లోకి వస్తూనే, అలవాటుగా మూలనున్న అత్త దారాల బుట్ట దగ్గరికి వెళ్లింది.

"ఇదిగో అమ్మా, కొయ్యలేదు."

బుట్టను ఎవరో కడిగి బోర్లించారు. దారం ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడింది. చీలిన గోరు దగ్గర, కాసేపటికి, సన్నగా సలపడం మొదలైంది.