గోడ పక్కింటికి ఎదుర్కోలు

పెళ్లికూతురి ఇంటికీ పెళ్లికొడుకు ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. అదైనా సరైన గోడ కాదు. పెరటివైపు నాలుగు ఇటుకలు ఊడిపోయి, కూరగిన్నె అటూ ఇటూ పోయేంత సందు పడిన గోడ. అయినా సరే, పెళ్లన్నాక ఎదుర్కోలు ఉండాల్సిందేనని పెళ్లికొడుకు నానమ్మ చంద్రవ్వ పట్టుబట్టింది. మనవడు సాయిచంద్ చెప్పులేసుకుని పక్కింట్లోకి నడిచిపోతే అది పెళ్లా, పేరంటమా అని నిలదీసింది. ఆ ముసలామెకు ఎదురు చెప్పేదెవరు? సిరిసిల్లలో పొద్దస్తమానం టకటకలాడే నేత సాంచాలు ఆ వీధిలో మటుకు ఆ రోజు ఆగాయి. మగపెళ్లివాళ్లు ఇంటికి తాళం వేసి, ఊరి చివర హనుమాన్ గుడి దాకా పోయి, ఆడపెళ్లివాళ్లు డప్పులతో వచ్చి పిలిచేదాకా బుద్ధిగా కూర్చున్నారు.

అందరికీ నవ్వులాటగానే ఉంది, పెళ్లికొడుకు తల్లి వనజకు తప్ప. పెళ్లికూతురు కావ్య తల్లి అనసూర్య ఆమెకు ప్రాణస్నేహితురాలు. ఇద్దరూ కోడళ్లుగా ఆ వీధికి వచ్చిన నాటినుంచీ ఏమే అంటే ఏందే అనుకున్నవాళ్లు. లగ్నం పెట్టుకున్న రోజే చంద్రవ్వ ఇద్దరినీ కూర్చోబెట్టి, ఇక వియ్యపురాళ్లయ్యారు కాబట్టి వదినె గారూ, మీరూ అని మర్యాదగా పిలుచుకోవాలని చెప్పింది. అనసూర్య ఆ మాట పొల్లుపోనివ్వలేదు. ఆనాటి నుంచి గోడ సందులోంచి గిన్నె రాలేదు. చివరికి పందిరి వేసినవాడు ఆ సందుకు అడ్డంగా గుడ్డ కూడా కట్టేశాడు. కోడలిని తెచ్చుకుని స్నేహితురాలిని పోగొట్టుకుంటున్నానేమోనని వనజకు ఒకటే దిగులు.

డప్పులు మోగాయి, ఊరేగింపు కదిలింది. కారులో సాయిచంద్, ముందు ఎగిరే కుర్రకారు, వెనక పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకుని వనజ. మార్కెట్ మీదుగా, బస్టాండ్ మీదుగా తిప్పి తిప్పి, ఆఖరికి ఆమె తాళం వేసిన ఇంటి ముందు నుంచే తీసుకుపోయారు. తన గుమ్మం చూసుకుంటూ పక్క గుమ్మానికి చుట్టంలా పోవడం! వనజకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

గడపలో అనసూర్య నిలబడి, గంధం పూసి, పన్నీరు చల్లి, వరసగా బెల్లం పానకం ఇస్తోంది. వనజకు షుగరు. తాగితే ఒంటికి చెడు, వద్దంటే మర్యాదకు చెడు. ఎదుర్కోలు పానకానికి షుగరూ గిగరూ అడ్డం చెప్పొద్దని అత్త చంద్రవ్వ దారిలోనే గట్టిగా చెప్పింది.

అనసూర్య పళ్లెంలో గ్లాసు ముట్టలేదు. కిటికీలో మూత పెట్టి ఉంచిన స్టీలు గ్లాసు తీసి రెండు చేతులతో అందించింది.

"తాగుండ్రి వదినె గారూ," అంది అందరికీ వినబడేలా. "ఒక్క చుక్క మిగలొద్దు."

ఆ పిలుపుకు వనజ మనసు చివుక్కుమంది. కళ్లు మూసుకుని ఒక గుక్క వేసింది. ఉప్పు, అల్లం, కొత్తిమీర. చల్లటి మజ్జిగ. కళ్లు తెరిచేసరికి అనసూర్య బొట్టు పెట్టే మిషతో దగ్గరికి వంగి గుసగుసలాడుతోంది.

"ఏమే, పొద్దుగాల గోలీ ఏసుకున్నవా? గీ పెండ్లి పనులల్ల పడి మర్చిపోతవని నాకు ఒకటే పరేషాన్."

వనజకు కళ్లు నిండిపోయాయి. మూతి తుడుచుకునే నెపంతో కొంగుతో కళ్లూ తుడుచుకుంది. గ్లాసు ఖాళీ చేసి తిరిగి ఇస్తూ, అత్తకు వినబడేలా చెప్పింది.

"పానకం మస్తు తియ్యగున్నది, వదినె గారూ."