మందలో ఐదుగురు

పదేళ్ళు నిండే రోజున ఏం కావాలని అడిగితే, అందరం కలిసి కొండెక్కాలి అంది ఇలింక. అందరం అంటే ఎవరెవరని వాళ్ళమ్మ ఓక్టావియా జాగ్రత్తగా అడిగింది.

"నువ్వు, నాన్న, తమ్ముడు, తాతయ్య. అందరం అంటే అందరం."

చిక్కంతా అక్కడే ఉంది. ఓక్టావియా భర్త హోరియాకూ, ఆమె తండ్రి ట్రయాన్‌కూ ఏడాదిగా మాటల్లేవు. కిందటి వేసవిలో హోరియా మామగారి గుడారం అడిగి తీసుకెళ్ళి, వానకు తడిసినదాన్ని అలాగే మడిచి తిరిగి ఇచ్చాడు. కొన్నాళ్ళకు ట్రయాన్ విప్పి చూస్తే లోపలంతా బూజు. "అన్ని చలికాలాల మంచుకు తట్టుకుంది, అల్లుడికి తట్టుకోలేకపోయింది" అన్నాడాయన. "మీరు ఇచ్చినప్పుడే వాసనొస్తోంది" అన్నాడు హోరియా. అంతే. ఆ తరువాత కూడా పండగ భోజనాలకు కలిసేవారు, ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చునేవారు. ఉప్పు కావలసి వస్తే మాత్రం ఓక్టావియాను అడిగేవారు, ఉప్పు ఎదుటివాడి మోచేతి దగ్గరే ఉన్నా సరే. ఓక్టావియా మా బ్రషోవ్ పట్టణంలో ఒక ఆస్పత్రి టెలిఫోన్ ఆపరేటరు. పగలంతా ఒక వార్డును ఇంకో వార్డుకు కలిపి, ఇంటికొచ్చి మళ్ళీ అదే పని చేసేది.

జూలైలో ఒక శనివారం పొద్దున్నే బయల్దేరారు. అడవి రోడ్డు ఎక్కడ ఆగిపోతుందో అక్కడ కారు పెట్టారు. పైన చెట్ల మధ్య, కొండెక్కేవాళ్ళు ఆగే బస ఒకటి ఉంది. అక్కడ చిక్కుడు గింజల సూపు తాగి సాయంత్రానికి దిగిపోవాలని అనుకున్నారు. పిల్లలు కూడా సులువుగా నడవగలిగిన దారేనని అందరూ చెప్పేదే. ట్రయాన్ మోకాళ్ళ దాకా ఉన్ని మేజోళ్ళు తొడిగి, తన పాత చేతికర్ర పట్టుకుని వచ్చాడు. హోరియా కొత్త బూట్లు వేసుకున్నాడు.

"తావీ, మీ ఆయనకు చెప్పు, అవి బజారుకెళ్ళే బూట్లని" అన్నాడు ట్రయాన్ కూతురితో.

"తావీ, మీ నాన్నకు చెప్పు, వీటితో బజారుకెళ్ళాను, ఏమీ కాలేదని" అన్నాడు హోరియా.

ఓక్టావియా ఇద్దరి మధ్యా నడుస్తోంది. "ఇద్దరూ విన్నారుగా" అంది.

ఎలుగుబంట్లు దగ్గరికి రాకుండా ఆరేళ్ళ డోరు గట్టిగా పాట పాడుతూ నడిచాడు. వాడికి పాటలో ఒక్క చరణమే వచ్చు. వెడల్పాటి ఆకుల బీచ్ చెట్లు అయిపోయి, సూదుల్లాంటి ఆకుల స్ప్రూస్ చెట్లు మొదలయ్యేసరికి ఆ చరణం అందరికీ వచ్చేసింది. పైకి వెళ్ళేకొద్దీ అడవి చల్లబడింది. కాళ్ళ కింద ఎండిన ఆకుల సూదులు మెత్తగా, చప్పుడు లేకుండా ఉన్నాయి.

చెట్ల మధ్య చిన్న పచ్చిక మైదానం వచ్చింది. దాని అవతలి అంచు నుంచి ఒక కుక్క వాళ్ళ వైపు నడిచి వచ్చింది. తెల్లనిదే, కానీ మట్టి కొట్టుకుపోయి ఉంది. దూడంత ఉంది. అడవి జంతువుల వెంటపడకుండా కాపరులు కట్టే కర్ర ఒకటి దాని మెడలో అడ్డంగా వేలాడుతోంది.

"కదలొద్దు. కర్ర పైకెత్తొద్దు. తావీ, మీ ఆయనకు చెప్పు" అన్నాడు ట్రయాన్. కర్ర ఉన్నది ఆయన చేతిలోనే.

"నేను కదల్లేదని చెప్పు."

కుక్క ఒక్కొక్కరినే వాసన చూసింది. డోరు చేతిని, ఇలింక సంచిని, ట్రయాన్ మేజోళ్ళను. హోరియా బూట్లను కొంచెం ఎక్కువసేపు చూసింది. అరవలేదు. వెనక్కి వెళ్ళి వాళ్ళ వెనకాల నిలబడి, ఇక నడవండి అన్నట్టు చూసింది.

వాళ్ళు నడిచారు. కుక్క వెంట వచ్చింది. డోరు బెర్రీ పళ్ళ కోసం పొదల్లోకి వెళితే, వాడి వెనక భాగాన్ని ముక్కుతో నెట్టి దారిలోకి తెచ్చింది. ఫొటో తీయడానికి ఆగిన ఇలింక పక్కనే నిలబడి, ఫోను జేబులో పెట్టుకునే దాకా ఎదురుచూసింది. ఓక్టావియా మాత్రం ఏడాదిలో మొదటిసారి ఎవరైనా వెనకబడ్డారేమోనని చూసుకోకుండా నడిచింది.

నీటి ఊట దగ్గర దారి రెండుగా చీలింది. ఎడమ పక్క చెట్టు మీద దారి చూపే ఎర్ర శిలువ గుర్తు, కుడి పక్క చెట్టు మీద నీలి గీత. రెండు దారులూ బస దగ్గరికే పోతాయి.

"ఎర్ర శిలువ" అన్నాడు ట్రయాన్, ఎవరితోనూ కాకుండా.

హోరియా ఫోను చూశాడు. "నీలి గీత. తావీ, పిల్లలతో వచ్చేవాళ్ళకి అదే మంచిదని ఇందులో ఉంది."

"నేను ఈ అడవికి వచ్చేటప్పటికి ఆ ఫోను చేసినవాడు పుట్టలేదని చెప్పు, తావీ."

ఓక్టావియా సంచి కింద పెట్టి ఊట పక్కన రాయి మీద కూర్చుంది. "ఇవాళ నాకు సెలవు. లైన్లు కలపను" అంది. ఉడికించి తెచ్చిన గుడ్డు ఒకటి తీసి పెంకు ఒలవడం మొదలుపెట్టింది.

ట్రయాన్ ఇలింకను వెంటబెట్టుకుని ఎడమకు వెళ్ళాడు. హోరియా డోరును భుజాలకెత్తుకుని కుడికి వెళ్ళాడు. కుక్క అటూ ఇటూ చూసింది. ఇలాంటివాళ్ళు దానికి కొత్త కాదేమో, కంగారుపడలేదు. ముందు ఎడమకు పరిగెత్తింది. ఇలింక దాన్ని చూడగానే తనంతట తనే వెనక్కి తిరిగింది. ట్రయాన్ తిరగలేదు. ఆయన వీపు సంచి పట్టీని కుక్క నోట కరుచుకుని లాగింది. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, వెనక్కి వెనక్కి నడుస్తూ ఊట దగ్గరికి వచ్చి, దుంగ మీద కూర్చున్నాడు. తరువాత అది కుడికి వెళ్ళింది. హోరియా ముందు అడ్డంగా నిలబడి, తన బరువంతా అతని మోకాళ్ళ మీద వేసి ఆనుకుంది.

"నాన్నా, అది వద్దంటోంది" అన్నాడు డోరు పైనుంచి.

"నాకూ అర్థమైంది" అన్నాడు హోరియా.

కాసేపటికి మామా అల్లుళ్ళిద్దరూ ఒకే దుంగకు చెరో కొసన కూర్చుని ఉన్నారు. కుక్క ఎదురుగా పడుకుంది. ఎవరైనా ఒక్కరు లేవబోతే గొంతులో చిన్నగా గుర్రుమంటోంది. ఇద్దరి చూపూ ఓక్టావియా మీద పడింది. ఆమె గుడ్డుకు ఉప్పు రాసుకుంటోంది. ట్రయాన్ కుక్క వైపు తిరిగి, "నువ్వయినా అతనికి చెప్పు..." అనబోయి ఆగాడు. కుక్కతో కబురు పంపేంత దూరం వచ్చానా అని ఆయనకే అనిపించి ఉంటుంది.

"నీ ఫోనులో ఏముంది?" అన్నాడు నేరుగా.

ఓక్టావియా తలెత్తలేదు. నమలడం మాత్రం ఆపింది.

"నీలి గీత దారి ఏటవాలు తక్కువని ఉంది, మామయ్యగారూ. మీ దారి?"

"నా దారిలో నీడ ఉంటుంది. దూరం కూడా తక్కువే."

"అయితే మీ దారే పోదాం."

"ఎందుకులే, పిల్లలున్నారు. నీదే పోదాం."

"మీరు నడిచిన దారి కదా."

"నువ్వు చూసి పెట్టుకున్న దారి కదా."

ఈ మర్యాద ఆ గొడవకన్నా ఎక్కువకాలం సాగేలా ఉందని ఓక్టావియా లేచి, "ఎర్ర శిలువ. నీడ ఉందన్నారుగా" అంది. అందరూ ఒకేసారి లేచారు. కుక్క అడ్డు చెప్పలేదు.

నీడ ఉన్నమాట నిజమే. కానీ కొంత దూరం పోయాక దారి లేదు. చలికాలం గాలివానకు చెట్లు వేళ్ళతో సహా ఒకదానిమీద ఒకటి పడిపోయి ఉన్నాయి. గుర్తులున్న చెట్లు కూడా ఆ పడినవాటిలోనే ఎక్కడో ఉన్నాయి. ట్రయాన్ ఆగాడు. నిలిచి ఉన్న చెట్టొకదాని మీద చెయ్యి వేసి, రంగు కోసం బొటనవేలితో బెరడు తడిమాడు. పక్క చెట్టు తడిమాడు.

"ఇక్కడ కట్టెలు కొట్టేవాళ్ళ పాక ఉండేది. ఈ చెట్లు నా నడుం దాకా ఉండేవి" అన్నాడు నెమ్మదిగా.

హోరియా ఏడాదిగా జవాబులు పోగేసుకుంటున్నాడు. అందులో కొన్ని చాలా మంచివి, ఈ సందర్భానికి అతికినట్టు సరిపోయేవి. అతను ట్రాలీబస్సు నడుపుతాడు. తలుపులు మూశాక, కదిలిన బస్సును చూస్తూ ఆగిపోయినవాళ్ళ ముఖాలు రోజూ పక్క అద్దంలో కనబడుతుంటాయి. ఇప్పుడు మామగారి ముఖం అలా ఉంది.

"ఫోనులో కూడా ఇదేదీ సరిగ్గా లేదు, మామయ్యగారూ. అందులోనూ తప్పే ఉంది" అన్నాడు.

ఫోను అప్పుడు అతని జేబులో ఉంది. ట్రయాన్ ఆ జేబు వైపు చూసి, చెట్టు మీది చెయ్యి తీశాడు.

ముందుకు పోవడానికి దారి తెలిసినట్టు నడుస్తున్నది కుక్క ఒక్కటే. దాని వెనకే వెళ్ళారు. పడిన మానులు దాటేటప్పుడు హోరియా ముందు పిల్లలను అందుకుని, తరువాత చెయ్యి చాపాడు. ట్రయాన్ ఆ చెయ్యిని కాసేపు చూసి పట్టుకున్నాడు. తరువాత మానుల దగ్గర చూడకుండానే పట్టుకున్నాడు. చివరికి చెట్లు పలచబడి, వెలుగు వచ్చింది. కానీ బస రావలసిన చోట బస లేదు. కంచె ఉంది. పొగ ఉంది. గొర్రెలున్నాయి. కుక్క వాళ్ళను తన ఇంటికి తోలుకొచ్చింది.

కంచె తలుపు తెరిచే ఉంది. కుక్క వాళ్ళను లోపలికి నెట్టి తలుపుకు అడ్డంగా పడుకుంది. గొర్రెలు ఒకసారి వీళ్ళ వైపు చూసి, మళ్ళీ తమ పనిలో పడ్డాయి.

గవ్రిల అనే కాపరి బకెట్టుతో పాక బయటికి వచ్చి, దొడ్డిలో నిలబడ్డ ఐదుగురినీ చూశాడు. "మళ్ళీ తెచ్చిందా" అన్నాడు.

"ఇదివరకు కూడా తెచ్చిందా?" అంది ఓక్టావియా.

"జూన్‌లో ఇద్దరు పంతుళ్ళని తెచ్చింది. ఒకాయన చాలా కోప్పడ్డాడు. గొర్రెల దగ్గర దీనికి పని రాదమ్మా. ఒక పొట్టేలు దీన్ని చిన్నప్పుడు తరిమింది, అప్పట్నుంచీ గొర్రెలంటే భయం. మనుషులైతే భయం లేదు. రండి, కూకోండి, తినిపోదురు గానీ."

మొక్కజొన్న పిండి సంకటి ముద్దల్లో గొర్రెపాల జున్ను పెట్టి నిప్పుల మీద కాల్చి ఇచ్చాడు. పైన నల్లగా మాడి, లోపల జున్ను కరిగి పొగలు కక్కుతోంది. ఇలింక రెండు తిని, ఇంకోటి అడిగింది. పుట్టినరోజని డోరు చెబితే, గవ్రిల చేతిలో ముద్దను ఇంకాస్త పెద్దది చేసి ఇచ్చాడు. అందరూ ఎండలో కూర్చుని వేళ్ళకంటిన జున్ను నాకారు.

వెళ్ళాల్సిన సమయానికి కుక్క తలుపు దగ్గర నుంచి లేవలేదు. గవ్రిల మెడపట్టీ పట్టుకుని లాగాడు, ఈల వేశాడు, తిట్టాడు. అది కదల్లేదు.

"అనుకున్నదే" అన్నాడు గవ్రిల. "దాని లెక్కలో మీరింకా పాలివ్వలేదు. పాలివ్వని మందని అది బయటికి పంపదు."

"మరేం చెయ్యాలి?" అన్నాడు హోరియా.

గవ్రిల కంచెలో ఒక మూల సందు చూపించాడు. ఒక్క గొర్రె పట్టేంత ఉంది. పక్కనే పీట. పాలు పితికేటప్పుడు అతను ఆ పీట మీద కూర్చుంటే, గొర్రెలు ఒకటొకటే ఆ సందులోంచి అతని చేతికి వస్తాయి. "దీన్లోంచి రండి, వరసగా. నేను తల మీద తడతాను. అది చూసి ఒప్పుకుంటుంది."

డోరు ముందు వెళ్ళాడు, మే అంటూ.

"అరవక్కర్లేదు నాయనా" అన్నాడు గవ్రిల, తల తట్టి.

తరువాత ఇలింక, తరువాత ఓక్టావియా. హోరియా తల పైకర్రకు కొట్టుకుంది, అయినా బయటపడ్డాడు. లోపల ట్రయాన్ ఒక్కడే మిగిలాడు.

"నేను ఫ్యాక్టరీలో ఒక సెక్షను మొత్తం చూసినవాణ్ణి" అన్నాడాయన.

"మంచిదండి. వంగండి" అన్నాడు గవ్రిల.

ట్రయాన్ వంగాడు. సగంలో మోకాలు పట్టేసింది. ముందుకూ రాలేదు, వెనక్కీ పోలేదు. బయటినుంచి హోరియా ఆయన రెండు చంకల కిందా చేతులు వేసి, ఒక్క ఊపున లాగాడు. గవ్రిల తల మీద రెండుసార్లు తట్టాడు. కుక్క ఆవులించి, తలుపు దగ్గర నుంచి లేచి, నీడలోకి పోయి పడుకుంది.

గవ్రిల చూపించిన బండిదారిలో కిందికి దిగారు. ట్రయాన్ కాస్త కుంటుతూ, హోరియా ఆయన సంచి మోస్తూ ముందు నడిచారు.

"నన్ను రెండుసార్లు తట్టాడు" అన్నాడు ట్రయాన్ కొంత దూరం పోయాక.

"నన్ను ఒక్కసారే, మామయ్యగారూ. పెద్దవారని మర్యాద చేసినట్టున్నాడు."

ట్రయాన్ ఆ మాటను కాసేపు తూచి చూసి, నిజమే అన్నట్టు తల ఊపాడు.

"కింద ఊళ్ళో సూపు బాగా చేసే చోటొకటి నాకు తెలుసు" అన్నాడు.

"అదింకా ఉందా?"

"పోయి చూద్దాం" అన్నాడు ట్రయాన్.