గీత వెనక మాస్టారు

రెండువేల అయిదులో తెనాలి మారీసుపేటలో పూల్ బల్ల పెట్టినప్పటి నుంచి నాగూర్ బాషా ప్రాణానికి సుఖం లేకుండా పోయింది. ఆట వల్ల కాదు, దేవసహాయం మాస్టారి వల్ల. ఎదుటివాడు ఫౌల్ చేస్తే, మిగతా బంతుల్ని కొట్టే తెల్లబంతి మన చేతికొస్తుంది. దాన్ని బల్ల మీద ఎక్కడైనా పెట్టుకుని కొట్టొచ్చని బాషా చెబుతాడు. కాదు, బల్లకి ఒక చివర అడ్డంగా గీసిన గీత వెనకే పెట్టాలంటారు మాస్టారు. కుర్రతనంలో రేపల్లె క్లబ్బులో బిలియర్డ్స్ నేర్చుకున్నప్పుడు అలాగే చెప్పారట. లెక్కల మాస్టారితో వాదించి నెగ్గినవాడు ఎవడున్నాడు గనక?

"ఇది వేరే ఆటండి, రూలు వేరండి," అని బాషా నోరు నొప్పెట్టేలా చెప్పాడు.

"ఉంటే ఉండనీ. నేను మారను," అనేవారాయన.

బాషా సొంతంగా పెట్టిన రూలు ఒక్కటే. ఎదుటివాడి వంతులో బంతి మీద చెయ్యి వేస్తే ఆట పోయినట్టే. కుర్రకారు చేతులు ఊరుకోవు గనక పెట్టాడు.

ఆ ఆదివారం బాపట్ల పోటీకి తెనాలి నుంచి వెళ్లే ఒక్కడెవరో తేలాలి. చివరికి మిగిలింది బాషా, మాస్టారు. ఊరందరి ఆటకీ బల్ల తుడిచే మనిషి బాషా. ఒక్కసారైనా పరాయి ఊళ్లో, ఇంకెవరో తుడిచిన బల్ల మీద ఆడాలని అతని కోరిక. భార్య షాహీన్ అప్పుడే చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది కూడా.

ఆట చివరికొచ్చింది. మాస్టారు కొట్టాల్సింది నల్లబంతి ఒక్కటే, అది పడితే గెలుపే. బాషాకు ఇంకో ఎర్రబంతి కూడా మిగిలింది. దాన్ని కొట్టబోతే తెల్లబంతి పోయి పాకెట్లో పడింది. ఫౌల్. నల్లబంతి మూల పాకెట్ అంచునే ఉంది. దగ్గర పెట్టి కొడితే చంటిపిల్లాడైనా పడేస్తాడు.

మాస్టారు తెల్లబంతి తీసుకుని, తాపీగా నడిచి, గీత వెనక పెట్టారు. అక్కణ్ణించి చూస్తే ఎర్రబంతి సరిగ్గా అడ్డం.

"ఎక్కడైనా పెట్టుకోవచ్చండి మాస్టారూ."

"గీత వెనకే."

"అక్కణ్ణించి తగలదండి. ఓడిపోతారు."

"ఓడిపోతే నీకేంటి నష్టం? బాపట్ల నువ్వే వెళ్తావుగా."

నిజమే. నోరు మూసుకుంటే చాలు, బాపట్ల తనదే. కానీ బాషాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ గొంతు చించుకున్నది ఎవరి కోసం? లేని రూలు పట్టుకుని ఓడిపోయే మనిషి మీద గెలిస్తే అదేం గెలుపు?

"ఏం మనిషండీ మీరు," అంటూ గబగబా వెళ్లి తెల్లబంతిని తీసి నల్లదాని పక్కన పెట్టేశాడు. "ఇదిగో, ఇక్కణ్ణించి కొట్టండి."

మాస్టారు క్యూ కర్రను గోడకి ఆనించారు.

"నా వంతులో బంతి ముట్టుకున్నావు బాషా. రూలు నీదే."

బాషా తన చేతి వంక చూసుకున్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియక కుర్చీలో కూలబడ్డాడు.

"బాపట్లలోనైనా గీత వెనక పెట్టకండి మాస్టారూ," అన్నాడు చివరికి.

"అక్కడా అంతే. నువ్వూ వచ్చి చూడు. చేతులు మాత్రం జేబులో పెట్టుకో."