పేరు చెప్పని ప్రార్థన

ఆదివారం పాస్టరుగారు భార్యకు భర్తే శిరస్సని, ఇంట్లో దాపరికాలు పనికిరావని గంటసేపు ప్రసంగించారు. మర్నాడు స్త్రీల కూటంలో పాస్టరమ్మగారు కళ్లు మూసుకుని, "ప్రభువా, మా మధ్య ఒక సహోదరి భర్త దారి తప్పుతున్నాడు, ఆ ఇంటిని కాపాడు తండ్రీ" అన్నారు. పేరు చెప్పలేదు.

అంతే, కూటంలో కూర్చున్న టైలరమ్మ గుండెల్లో రాయి పడింది. ఈ మధ్య తన మొగుడు ఫోను బోర్లా పెడుతున్నాడు, అద్దం ముందు మీసం దువ్వుతున్నాడు. వారం రోజులు అతని జేబులు వెతికింది, చొక్కాలు వాసన చూసింది. బస్సు టికెట్లు తప్ప ఏమీ దొరకలేదు. దాంతో అనుమానం ఇంకా ముదిరింది. ఇంత శుభ్రంగా ఉన్నాడంటే ఎంత గడుసు దొంగో!

ఇక ఉండబట్టలేక పాస్టరమ్మగారి ఇంటికే వెళ్లింది. "అమ్మగారూ, నిజం చెప్పండి. ఆ రోజు మీరు ప్రార్థన చేసింది మా ఆయన గురించేనా?"

పాస్టరమ్మగారు బట్టలు మడతపెడుతున్నారు. భర్తగారి తెల్ల చొక్కా జేబు ఒకసారి తడిమి చూసి మరీ పక్కన పెట్టారు.

"ఇలా అడగడానికి వచ్చినవాళ్లలో నువ్వు తొమ్మిదోదానివమ్మా," అన్నారు. "ఎవరి మొగుణ్ణి వాళ్లు అనుమానించారు గానీ, ఆ ప్రార్థన చేసిందెవరో ఒక్కరూ ఆలోచించలేదు."