కళ్ళద్దాలు పట్టుకునే మనిషి

కెమెరా చేతిలోకి తీసుకోగానే మా ఆయన చేసే మొదటి పని కళ్ళద్దాలు తీసి నా చేతికివ్వడం. "పట్టుకో" అంటాడు, నా వైపు చూడకుండానే. అద్దాలతో కెమెరాలోకి చూస్తే వాటికి గీతలు పడతాయట. ఫోటో తీయడం అయ్యేదాకా వాటిని పట్టుకుని ఒక చేత్తో లైటు సర్దుతాను, ఇంకో చేత్తో పిల్లల జుట్టు సర్దుతాను. నాకు రెండే చేతులున్నాయన్న సంగతి ఆయనకి ఇంతవరకూ తట్టలేదు. పనయ్యాక అద్దాలు తను పెట్టుకుని, కెమెరా నాకిచ్చి, "చంటిపిల్లలవి నువ్వు తియ్యి, వాళ్ళతో నాకు ఓపిక లేదు" అంటాడు. అలా ఇచ్చేటప్పుడు ప్రతిసారీ ఒక హెచ్చరిక కూడా ఇస్తాడు. కన్ను ఆనించే చోట పక్కనే చిన్న చక్రం ఒకటుంటుంది. దాని మీద నల్ల టేపు అంటించి పెట్టాడు. "దాన్ని కదపకు. నా కంటికి సెట్ చేసి ఉంది." ఇంట్లో ఫ్యాను వేగం దగ్గర్నుంచి కూరలో ఉప్పుదాకా అన్నీ ఆయనకి సెట్ చేసి ఉన్నవే. ఆ చక్రం ఒక లెక్కా అని నేనెప్పుడూ పట్టించుకోలేదు.

స్టూడియో బోర్డు మీద ఆయన పేరుంటుంది, పక్కన ఆయన ఫోటో. ఆ ఫోటో తీసింది నేను. ఉదయం వంట ముగించి, అత్తయ్యకి మందులిచ్చి, క్యారేజీ పట్టుకుని వెళ్ళి నేనే షట్టరు ఎత్తుతాను. వెనకాల కట్టే తెరలు ఉతికేదీ, మొహాల మీద మచ్చలు కంప్యూటర్లో చెరిపేదీ, "ఇంకా కాలేదా" అని అరిచే వాళ్ళకి సర్ది చెప్పేదీ నేనే. అత్తయ్య మాత్రం ఎవరైనా అడిగితే, "కోడలు ఇంట్లోనే ఉంటుందమ్మా, పొద్దుపోక అబ్బాయికి తోడుగా షాపుకి వెళ్తుంది" అంటుంది. పాపం, ఆవిడ అబద్ధం చెప్పదు. ఆవిడకి అలాగే కనిపిస్తుంది.

మా నాన్నా ఫోటోగ్రాఫరే. రీలు కెమెరాల కాలం మనిషి. ఆయన పోయాక నాకు మిగిలింది తోలుపెట్టెలో మూడు లెన్సులు. ఇప్పటి వాటిలా తమంతట తాము ఫోకస్ అయ్యేవి కావు, చుట్టూ ఉన్న పట్టీని వేళ్ళతో తిప్పుకోవాలి. గరుకు గరుకుగా ఉండే ఆ పట్టీ మీద నాన్న బొటనవేలు అరగదీసిన నున్నటి చోటుంది. చిన్నప్పుడు నా వేలు అక్కడ పెట్టించి, "తొందరేం లేదమ్మలూ, కనురెప్ప వెంట్రుకలు విడివిడిగా కనపడేదాకా తిప్పు. నీ కన్ను నీకు చెబుతుంది" అనేవాడు. నా కన్ను నాకు చెప్పేది. ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

తప్పు చెప్పింది స్టూడియోలోనే. ఆమధ్య ఒక పాప ఫోటోకి నాన్న లెన్సు మా కెమెరాకి బిగించి తీశాను. లోపల అంతా మసకగా ఉంది. ఎటు తిప్పినా మసకే. ఉన్నంతలో బావుందనిపించిన చోట ఆపి తీశాను. తెర మీద చూస్తే పాప మొహం మంచులో ఉన్నట్టుంది, వెనకాల కుర్చీ మాత్రం శుభ్రంగా ఉంది. పాప వాళ్ళమ్మ మొహం మాడ్చుకుంది. మా ఆయన అందరి ముందూ పగలబడి నవ్వాడు. "లెన్సులూ పోయాయి, మా ఆవిడ కళ్ళూ పోయాయి. ముందెళ్ళి కళ్ళు పరీక్ష చేయించుకో తల్లీ!" చేయించుకున్నాను. చదవడానికి మాత్రం అద్దాలు కావాలి, దూరం చూపు బంగారంలా ఉంది అంది డాక్టరు. ఆ మాట ఇంటికొచ్చి చెబితే, "వాళ్ళు అలాగే అంటారులే. ఫోటో చూశాంగా" అన్నాడు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నేను డాక్టరు మాట కాకుండా ఆయన మాటే నమ్మాను. పెట్టె అలమారలో పెట్టేశాను. చంటిపిల్లల ఫోటోలకి కెమెరా తనంతట తాను ఫోకస్ చేసుకుంటే నేను మీట నొక్కడం, మిగతా పూట కంప్యూటరు ముందు మచ్చలు చెరపడం. దానికి కన్ను లేకపోయినా పర్లేదనుకున్నాను.

మొన్న అన్నం తింటూ ప్రకటించాడు. "నీకూ ఒక కెమెరా కొంటున్నా. నువ్వే సెలెక్ట్ చేసుకో." మా ఇంట్లో ఆ మాటకి అర్థం ఏమిటో నాకు తెలుసు. ఫ్రిజ్జు రంగు కూడా ఇలాగే నేనే సెలెక్ట్ చేసుకున్నాను. "చిన్నది, తేలికది. ఆడవాళ్ళ చేతికి బావుంటుంది. షాపువాడికి చెప్పేశా. మీ నాన్న లెన్సులు ఎక్స్ఛేంజి కింద తీసుకుంటానన్నాడు." "అవెందుకు?" అన్నాను. "ఎందుకంటే? మూలన పడేసి బూజు పట్టించడానికా?" అంటూ మజ్జిగ అడిగాడు. మజ్జిగ పోశాను. ఒక్కసారి వాటితో చూసి అప్పుడు చెబుతానన్న మాట మాత్రం అన్నాను, అదీ గిన్నెతోనే చెప్పినట్టు.

ఈ ఉదయం పెట్టె ఆయనే అలమారలోంచి తీశాడు.

షాపువాడు ఆయన స్నేహితుడు. "రా అన్నా, రండి వదినా" అంటూ కూర్చోబెట్టి, టీ తెప్పించి, నాకేం కావాలో ఆయన్ని అడిగాడు. తర్వాత పెట్టె తెరిచి ఒక్కో లెన్సునీ ట్యూబులైటు కేసి పట్టి చూశాడు. "బూజు గీజు ఏం లేదన్నా. కడిగిన ముత్యంలా ఉంది." వాడి బొటనవేలు నాన్న వేలు అరగదీసిన చోటే ఉంది. లాక్కోవాలనిపించింది. టీ కప్పు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

"ఆ చిన్న కెమెరాకి ఇది బిగించి చూపించండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

షాపువాడు మా ఆయన వైపు చూశాడు. ఆయన నవ్వి, చూపించమన్నట్టు చెయ్యూపాడు. లెన్సు టక్కున కూర్చుంది. కానీ లోపల వెలుతురు కొలిచే గీత కదల్లేదు. "అదంతే వదినా. పాతవి పెడితే దీనికి వెలుతురు తెలీదు. లోపల ఆ ఏర్పాటు లేదు. వాటికైతే అదిగో, అలాంటి పెద్దవి కావాలి." అడుగు అరలో ఎవరో వాడి అమ్మేసిన నల్లటి కెమెరా ఒకటుంది, మూలలు రంగుపోయి. "అది ఇవ్వండి" అన్నాను.

"అదా! ఆ డొక్కుదా? ఎత్తగలవా అసలు?" అన్నాడు మా ఆయన. గ్యాసుబండ దొర్లించేదీ, లైట్ల స్టాండ్లు మేడెక్కించేదీ, అత్తయ్య స్నానాలగదిలో జారిపడితే ఒక్కదాన్నే ఎత్తి తెచ్చిందీ ఎవరో మరి. ఈలోపు ఫోను మోగింది. "కానీ, సరదా తీర్చుకో. బిల్లు రాసేలోపు వస్తా" అని మెట్ల మీదికి వెళ్ళాడు.

లెన్సు బిగించాను. కన్ను ఆనించాను. అద్దాల తలుపు బయట, రోడ్డుకి అవతల దర్జీ మిషను ముందు కూర్చుని ఉన్నాడు. మసక. పట్టీ తిప్పాను. మసకే. ఇటు తిప్పాను. అయితే ఆయన అన్నదే నిజం. కళ్ళూ పోయాయి, నాన్నా పోయాడు, ఇక ఈ పెట్టె ఎవరికోసం? షాపువాడు బిల్లు పుస్తకం తీస్తున్నాడు. నా వేలు కన్ను ఆనించే చోటు పక్కన చిన్న చక్రానికి తగిలింది. దాని మీద టేపు లేదు. టేపు లేకపోయినా నా వేలు దానంతటదే వెనక్కి వచ్చేసింది, వేడి గిన్నెకి తగిలినట్టు. దాన్ని కదపకు అని ఎవరూ అనలేదు. ఎవరూ అనకుండానే వచ్చేసింది.

తిప్పాను. ఒక గంటు, ఇంకో గంటు, ఇది అమ్మేసిన మనిషి కంటి నుంచి నా కంటికి. కెమెరా లోపల కనపడే గీతలు, అంకెలు ముందు తేరుకున్నాయి. ఆ తర్వాత పట్టీ మీద వేలు నాన్న చోటులో పెట్టి నెమ్మదిగా తిప్పాను. దర్జీ దారం కొసని పెదాలతో తడిపి సూదిలోకి ఎక్కిస్తున్నాడు. దారం కనపడింది. దారానికి లేచిన నూగు కనపడింది.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. అద్దాలు లేకపోతే గుమ్మం కనపడని మనిషి తన కంటికి తిప్పి టేపు వేసుకున్న చక్రంలోంచి నేను ఇన్నాళ్ళూ చూస్తున్నాను. వయసులో ఉన్నప్పుడు నా కన్ను ఎలాగో సర్దుకుంది. సర్దుకోలేకపోయిన రోజున లోపం నాదేననుకున్నాను. ఆయన అద్దాలు చేత్తో పట్టుకుని నిలబడి కూడా అనుకున్నాను, బుద్ధి ఉండక్కర్లేదూ! నిజంగా ఆయనకి తెలీదేమో. తెలుసుకోవాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడొచ్చింది గనక.

మిగిలిన రెండు లెన్సులూ పెట్టెలో సర్ది, పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను. "ఈ పెద్ద కెమెరాకి రాయండి. లెన్సులు ఇవ్వను" అని, స్టూడియో బ్యాంకు కార్డు తీసి బల్ల మీద పెట్టాను. బరువులన్నీ నా సంచిలోనే వేస్తారు కాబట్టి కార్డూ అందులోనే ఉంటుంది.

"అన్నకి ఒక మాట..." అని షాపువాడు నసుగుతుండగానే ఆయన లోపలికొచ్చాడు. బల్లమీద కార్డు చూశాడు, నా ఒళ్ళో పెట్టె చూశాడు. "ఏంటిది?"

"నేను సెలెక్ట్ చేసుకున్నాను."

నవ్వబోయి మానేశాడు. "ఏదీ, అంత గొప్పేముందో చూడనీ" అని కెమెరా నా చేతుల్లోంచి అందుకున్నాడు. అలవాటు ప్రకారం అద్దాలు తీసి నా వైపు చాపాడు. నేను చెయ్యి చాపలేదు. అవి అలాగే గాల్లో కాసేపుండి, చివరికి ఆయన చొక్కా జేబులోకి వెళ్ళాయి. కన్ను ఆనించి పట్టీ ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"ఛీ, అంతా మసక. నేను చెప్పలా, ఇది పాడైందని?" అంటూ బొటనవేలితో పక్కనున్న చక్రం కోసం వెతికాడు.

"దాన్ని కదపకండి" అన్నాను. "నా కంటికి సెట్ చేసి ఉంది."