వెంకటముని హస్తవాసి

మద్రాసు నుంచి పుంగనూరుకు వచ్చేవాళ్ళు కుప్పంలో రైలు దిగి బస్సెక్కుతారు. వెంకటముని రెండేళ్ళపాటు అలాగే వచ్చాడు, అలాగే వెళ్ళాడు. ఎనభై మూడో సంవత్సరం వానాకాలంలో మాత్రం కుప్పంలో దిగినవాడు బస్సెక్కలేదు. స్టేషనుకు కాస్త దూరంలో అలావుద్దీన్ అనే ఆయనకు మోటారు వైండింగ్ షెడ్డు ఉంది. కాలిపోయిన మోటార్లలోంచి పాత రాగితీగ లాగేసి కొత్త తీగ చుట్టడం అక్కడి పని. మనిషి కావాలన్నారు. వెంకటముని చేరిపోయాడు. ఇంట్లోవాళ్ళు మాత్రం అతను మద్రాసు ఐఐటీలో మూడో సంవత్సరం చదువుతున్నాడనే అనుకుంటున్నారు.

అతనికి చదువు రాక కాదు. మదనపల్లె కాలేజీలో ఇంటర్ చదివినప్పుడు అతనికంటే బాగా లెక్కలు చేసినవాడు లేడు. మద్రాసులో మొదటి పరీక్షల్లో ఒక పేపరు పోయింది. అది పెద్ద విషయం కాదని తోటివాళ్ళు చెప్పారు. వాళ్ళు ఆ సంగతి నవ్వుతూ ఇళ్ళకు రాశారు. వెంకటమునికి రాయడానికి మనిషి దొరకలేదు. పుంగనూరులో తనను ఓడిపోగల మనిషిగా ఊహించుకోగలిగినవాడు ఎవడున్నాడా అని వెతికాడు. నాయన కాదు. అమ్మ కాదు. తను కూడా కాదు. చెప్పకుండా దాచిన ఆ ఒక్క పేపరు లోపల పెరిగింది. తరువాతి పరీక్షల్లో ప్రశ్నలు చదివితే జవాబులు తెలిసేవి, రాయాలంటే మాత్రం ఇవి ఎవరి జవాబులు అనిపించేది. రెండో ఏడు ముగిసేసరికి అతనే వదిలేసి వచ్చాడు.

అతని నాయన, తాలూకాఫీసు గుమాస్తా ఈశ్వరప్పకు ఈ రెండేళ్ళలో చాలా జరిగింది. కొడుక్కి సీటు వచ్చిన వారానికి తాసిల్దారు తన గదిలో ఆయనకు కుర్చీ చూపించాడు. పెళ్ళిళ్ళలో మొదటి పంక్తిలో ఆకు వేశారు. మీ వాడు పొద్దున లేచి ఏం తింటాడని అడిగిన తల్లులున్నారు. అన్నిటికంటే విచిత్రం దసరా పండగది. మొదటి దసరాకు పోస్టుమాస్టరు తన మనవణ్ణి తీసుకొచ్చి, అక్షరాభ్యాసంలో బిడ్డ చెయ్యి పట్టి రాయించేది వెంకటమునే కావాలన్నాడు. మంత్రాలు అయ్యవారివి, చెయ్యి ఇతనిది. మంచి డాక్టరుకు హస్తవాసి ఉన్నట్టే చదువుకూ ఉంటుందనీ, మొదటిసారి బియ్యంలో వేలు పెట్టించిన చేతి గుణం బిడ్డకు వస్తుందనీ ఊరు నమ్మింది. రెండో దసరాకు వసారా నిండిపోయింది.

మూడో దసరాకు రాకపోతే నాయన మద్రాసుకే వస్తాడని వెంకటమునికి తెలుసు. పండగ ముందురోజు సాయంత్రం వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఉన్నదంతా చెప్పేశాడు.

ఈశ్వరప్ప లేచి వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. తరువాత అడిగాడు.

"ఈ సంగతి ఈడ ఎవురికన్నా తెలుసునా?"

"తెలీదు నాయనా."

"రేపు బిడ్డల్ని తెస్తాండారు. సోమల నుంచి కూడా ఒకామె వస్తాది. పండగ కానీ. ఆమీద నేనే ఏదో ఒకటి సెప్తా."

"నాకు ఆ పని బాగుంది నాయనా. కుప్పంలోనే ఉండిపోతాను. నా గురించి ఉండేదుండేట్టు తెలిస్తే సాలు."

"నీకు సాలు." ఈశ్వరప్ప కొడుకు ముఖం చూడలేదు. "నేను ఎల్లుండి ఆఫీసుకు పోవాల గదా."

ఆ మాటలో కోపం లేదు. ఎల్లుండి కుర్చీ ఉంటుందా ఉండదా అన్న ప్రశ్న మాత్రమే ఉంది. వెంకటముని దాన్ని అర్థం చేసుకున్నాడు. అర్థం చేసుకోవడం వల్ల అతనికి ఏ సహాయమూ అందలేదు.

పొద్దున వసారాలో చాప పరిచారు. పళ్ళెంలో బియ్యం పోసి, పసుపు వినాయకుణ్ణి పెట్టి, అయ్యవారు ఒక పక్కకు జరిగి కూర్చున్నాడు. అమ్మ నాగరత్నమ్మ అతనికి కొత్త పంచె ఇచ్చింది. ఆమెకు విషయం రాత్రే తెలిసింది. పంచె ఇచ్చేటప్పుడు అవసరమైన దానికంటే ఒక క్షణం ఎక్కువసేపు పట్టుకుంది, అంతే.

ఎదురింటి శంకరప్ప బ్యాంకులో క్యాషియరు. ఇద్దరు కవలపిల్లల్ని తెచ్చాడు. సందు మొదట్లో మిషను పెట్టుకున్న దర్జీ లాల్ అహ్మద్ మనవరాలు జహీరాను వేలు పట్టుకుని వచ్చాడు. శంకరప్ప ఊరుకోలేదు.

"ఏం సాయిబూ, మీకు వేరే ఉండాది గదా ఈ శాస్త్రం?"

"మా బిస్మిల్లా అయిపోయిందప్పా. హజ్రత్ వచ్చి సదివించినాడు," అన్నాడు లాల్ అహ్మద్. "అరబ్బీ హజ్రత్‌ది. ఏబీసీడీ మాత్రం మన మునిది. రెండు పక్కలా గట్టిగా కుట్టాల, లేకుంటే పిగిలిపోతాది."

అందరూ నవ్వారు. అయ్యవారూ నవ్వాడు.

దూరం నుంచి వచ్చింది కనుక సోమల ఆమెను ముందు కూర్చోమన్నారు. పేరు మునిరత్నమ్మ. సెనక్కాయ చేలున్న కాపు ఇల్లు. కొడుకు గంగులప్పకు తాత పేరు పెట్టారు. కొత్త చొక్కా మెడ దగ్గర గుచ్చుకుంటుంటే వాడు తల ఇటూ అటూ తిప్పుతున్నాడు. ఆమె వాణ్ణి వెంకటముని ఒడిలో కూర్చోబెట్టి, చెవిలో చెప్పినా అందరికీ వినిపించేలా చెప్పింది.

"కదలొద్దు. మామ ఎట్ల రాయిస్తే అట్ల రాయి. మామ మాదిరి కావాల నువ్వు."

వెంకటముని వాడి చూపుడువేలు పట్టుకున్నాడు. అంతవరకూ చొక్కాతో పోట్లాడుతున్న పిల్లవాడు ఒక్కసారిగా మెత్తబడిపోయాడు. వేలు తనది కానట్టు వదిలేశాడు. ఎటు తిప్పితే అటు తిరుగుతోంది. ఆ వేలికి బరువు లేదు. వెంకటమునికి ఆ స్పర్శ బాగా తెలుసు. పరీక్ష హాలులో తన వేళ్ళ మధ్య కలం అలాగే ఉండేది. అయ్యవారు 'ఓం' అన్నాడు. బియ్యంలో గీత పడలేదు.

అతను వేలు వదిలేశాడు.

"నేను ఆడ సదవడం లేదు," అన్నాడు.

శంకరప్ప నవ్వాడు. "సెలవులంటావా?"

"సెలవులు కాదు. ఫెయిలయినాను. వదిలేసి వచ్చేసినాను. కుప్పంలో మోటార్లకు వైండింగ్ చేస్తాండాను. నా చెయ్యి దీనికి పనికిరాదు."

ఈశ్వరప్ప గోడ మీది క్యాలెండరు వైపు చూస్తున్నాడు, తేదీ వెతుకుతున్నట్టు. అందరూ ఇప్పుడు తనను చూస్తారని వెంకటముని ఎదురుచూశాడు. చిన్నప్పుడు సూది వేసే ముందు ఊపిరి బిగబట్టేవాడు. ఇప్పుడూ అలాగే బిగబట్టాడు. సూది దిగితే అయిపోతుంది.

సూది దిగలేదు.

"అయితే ఏమిప్పుడు?" అన్నాడు శంకరప్ప. "ఆడ ఫెయిలు కావాలన్నా ముందు ఆడికి పోవాల గదప్పా! ఈ తాలూకాలో ఆడికి పోయి ఫెయిలయినోణ్ణి ఇంకొకణ్ణి సూపించు సూద్దాం!"

"అదీ మాట!" అన్నాడు లాల్ అహ్మద్. "మావాడు ఈడ ఎనిమిదిలో ఫెయిలయినాడు. అదొక ఫెయిలా?"

"ఏనుగు బతికినా వెయ్యే, సచ్చినా వెయ్యే," అని శంకరప్ప తీర్పు చెప్పాడు. ఈశ్వరప్ప క్యాలెండరు నుంచి తల తిప్పాడు. మునిగేవాడికి కాళ్ళ కింద ఇసుక తగిలినట్టు ఆయన ముఖం మారింది.

"రెండేండ్లు సదివినాడు గదా," అన్నాడు మెల్లగా. మళ్ళీ కొంచెం గట్టిగా, "ఆడ రెండేండ్లంటే ఈడ పది."

వెంకటముని వింటున్నాడు. తను చెప్పిన నిజాన్ని వీళ్ళు కాదనలేదు. కాదంటే వాదించవచ్చు. దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి, మెరుగు పెట్టి, మళ్ళీ తన మెడలోనే వేస్తున్నారు. తన ఓటమి కూడా తనది కాకుండా పోతోందని అతనికి తోచింది.

అప్పుడు మునిరత్నమ్మ లేచింది. వంగి, అతని ఒడిలోంచి కొడుకును ఎత్తుకుంది.

"సచ్చిన ఏనుగు వెయ్యో లక్షో నాకు తెలీదప్పా," అంది. "మాకు బతికిందే కావాల. వీడొక్కడే మాకు."

"అమ్మా, కూసోమ్మా, అంత దూరం నుంచి వచ్చి..." అన్నాడు ఈశ్వరప్ప.

"దూరమనే పోతాండాను. బస్సు దొరకదు."

ఆమె చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయింది. 'పల్లెటూరోళ్ళు' అని శంకరప్ప అన్నాడు. అవమానం జరిగిందని అందరూ వెంకటమునిని జాలిగా చూశారు. అతనికి మాత్రం అవమానం అనిపించలేదు. ఆమె ఒక్కతే అతని మాట నమ్మింది.

జహీరా అప్పటికే వచ్చి ఒడిలో కూర్చుంది. వద్దన్నా ఎవరూ వినరని తెలిశాక అతను వద్దనలేదు. ఆ పిల్ల చేత బియ్యంలో ఏబీసీడీ రాయించాడు, తరువాత కవలల చేత ఓనమాలు. మూడు చేతులూ పట్టుకుంటున్నప్పుడు అతని మనసు వాటి దగ్గర లేదు. పండు, తాంబూలం ఇచ్చి అందరూ వెళ్ళిపోయాక ఈశ్వరప్ప కొడుకు దగ్గరికి వచ్చాడు.

"నువ్వు సెప్పిందే మంచిదయింది. వాళ్ళే సర్దుకున్నారు." గొంతు తేలికగా ఉంది. "ఊరికే కుప్పంలో ఎన్నాళ్ళుంటావులే. ఆడ సదివినోణ్ణి ఎవరైనా పిలిచి పనిస్తారు."

వెంకటముని లోపలికి వెళ్ళాడు. కొత్త పంచె విప్పి మడిచి అమ్మకు ఇచ్చాడు. ఆమె తీసుకుంది. ఉండమని అడగలేదు.

మధ్యాహ్నం ఎండకు బస్టాండులో రేకుల కింద నాలుగు కుక్కలూ కొందరు మనుషులూ ఉన్నారు. సోమల బస్సు ఇంకా రాలేదు. మునిరత్నమ్మ మూట మీద కూర్చుని ఉంది. పిల్లవాడు చొక్కా విప్పేసి, నేల మీద పుల్లతో ఏదో గీస్తున్నాడు. కుప్పం బస్సు కోసం వచ్చిన వెంకటమునిని చూసి ఆమె కొంగు సర్దుకుంది కానీ తల తిప్పుకోలేదు.

"కోపం చేసుకున్నావేమో," అంది.

"లేదమ్మా."

"మా ఊళ్ళో ముసిలి అయివారు ఉండాడు. ఆయన రాయిస్తాడులే. బెత్తం మంచిది ఆయనది." ఆమె తనలో తనే నవ్వుకుంది. తరువాత అడిగింది, "ఇంతకీ మోటార్లంటివి. బాగా వచ్చునా ఆ పని?"

వెంకటముని జవాబు ఆలోచించాడు. వచ్చు అని చెప్పవచ్చు. ఈమె ఎలాగూ సోమలకు పోతుంది. కానీ ఈ ప్రశ్నలో తను ఎవరన్న సంగతి ముందే తేలిపోయి లేదు. అది అతనికి కొత్తగా ఉంది.

"ఇంకా నేర్సుకుంటాండాను. చిన్నవి చేస్తాను. పెద్దవి నాకు ఇంకా ఇవ్వరు."

"ఊఁ." ఆమె ఒప్పుకున్నట్టు తలాడించింది. "నిదానంగా నేర్సుకో. మాది పెద్ద మోటారు. నీకు వచ్చినాక తెస్తాం. ఇప్పుడైతే తేము."

"తేవద్దమ్మా," అన్నాడు వెంకటముని. చాలా రోజుల తరువాత నవ్వు వచ్చింది అతనికి.

సోమల బస్సు దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగింది. ఆమె పిల్లవాడి రెక్క పట్టి లేపింది. వాడు పుల్ల వదలనని ఏడుస్తూ, కాళ్ళు తన్నుకుంటూ, తన బరువంతా వేసి వెనక్కి లాగుతూ బస్సెక్కాడు.